పొగ కదలని ఇల్లు

మేస్త్రి పోయేడని ఫోనొస్తే ఎత్తింది మా ఆవిడ. విని, ఫోను పెట్టేసి, ముందు ఏడవలేదు. ముందు నన్ను తిట్టింది.

"ఆ మనిషి మనింటికి వచ్చినన్నాళ్ళూ ఒక్కసారైనా కుర్చీ వేసేరా మీరు?" అంది.

వెయ్యలేదు. వేసినా కూర్చునేవాడు కాదని నా జవాబు. వేసి చూడలేదు కాబట్టి అది జవాబు కాదు. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకి ఇళ్ళు ఎలా కట్టాలో పాతికేళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ పాతికేళ్ళలో ఒక్క ఇటుక చేత్తో పేర్చిన పాపాన పోలేదు. తాపీ పట్టినవాడికి కుర్చీ వెయ్యాలని మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఎప్పుడొచ్చినా గడప మీదే కూర్చునేవాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. గడప మీద ఎవరైనా కూర్చుంటే మా ఆవిడ ఊరుకోదు, వియ్యంకుణ్ణైనా లేపేస్తుంది. ఇతన్ని మాత్రం ఏమీ అనేది కాదు. మొదట్లో ఒకసారి అనబోతే, ఈ గడప నేనెట్టిందే కదమ్మా, నా మీద కోపం తెచ్చుకోదులే అన్నాడట.

సన్నటి మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజమ్మీద తువ్వాలు. ఆ తువ్వాల్లో చుట్టి ఒక రసమట్టం ఉండేది, గోడ వాలిందో లేదో బుడగ చూపించే చెక్క ముక్క. గోడ కడుతున్నంతసేపూ దాన్ని బయటికి తీసేవాడు కాదు. కట్టడం అయ్యేక తీసి గోడకి ఆనించి, బుడగ సరిగ్గా మధ్యలో నిలబడితే, ఫరవాలేదు, ఇది ఇంకా బాగానే పనిచేస్తోంది అన్నట్టు దాని వంక చూసి మళ్ళీ చుట్టేసేవాడు. గోడని తాకితే అరచేత్తో కాదు, చెయ్యి తిరగేసి తాకేవాడు, పిల్లలకి జ్వరం చూసినట్టు. ఇంటి పని అయిపోయిందని ఎప్పుడూ అనడు. "నిలబడింది" అంటాడు. ఇక మీద దాని బతుకు దానిది అని అర్థం కాబోలు.

ఎడమ చెవి వినిపించదని చెప్పేవాడు. అది నిజమో కాదో చచ్చేదాకా ఎవరికీ తేలలేదు. డబ్బు మాట, భోజనం మాట ఏ చెవిన చెప్పినా వినిపించేది. నేను ప్లాను విప్పి వివరించడం మొదలెడితే మాత్రం మెల్లగా తల తిప్పి ఎడమ చెవి నాకు అప్పగించేవాడు. నేను పాఠం చెప్పడంలో ఆరితేరినవాణ్ణి కదా, వినే చెవి ఏదో చూసుకునే అలవాటు లేదు.

పైగా అతని "అలాగే బాబూ" రెండు రకాలు. టక్కున అంటే ఆ పని సాయంత్రానికి అయిపోతుంది. కొంచెం సాగదీసి "అలా...గే బాబూ" అన్నాడంటే ఆ పని జన్మలో అవదు. ఈ తేడా మా ఆవిడకి మొదటి వారంలోనే తెలిసింది. నాకు తెలిసేసరికి ఇంటికి సున్నం వేసేసేరు.

ఇక్కడ నేను కొంచెం నా గొప్ప చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే నా తెలివితక్కువతనం ఎంత ఎత్తు నుంచి పడిందో మీకు తెలీదు.

మా ఇల్లు కట్టడానికి ముందు ఏడు నన్ను మూడు వారాల ట్రైనింగుకి జర్మనీ పంపించేరు. నాకంటే సీనియర్లు ఇద్దరుండేవారు. ఒకాయన చలికి భయపడ్డాడు, ఇంకొకాయన తిండికి. అలా ఆ అదృష్టం మూడోవాడినైన నా నెత్తిన పడింది. వెళ్ళింది ఫిబ్రవరిలో. వీధుల్లో మోకాటిలోతు మంచు. ఇళ్ళు వెచ్చబెట్టుకోడానికే గ్యాసంతా తగలేస్తున్నామని అక్కడి వాళ్ళ బాధ. అందుకని పాత మేడలన్నిటికీ బయట జానెడు మందం పలకలు అంటించి, స్వెటరు తొడిగినట్టు తొడుగుతున్నారు. కిటికీకి ఒక అద్దం కాదు, మూడేసి అద్దాలు. దక్షిణం వైపు పెద్ద అద్దాలు పెడతారు, ఆ దేశంలో చలికాలం ఎండ అటునుంచే వస్తుంది గనక. ఇల్లు పూర్తయ్యేక వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలంతా లాగుతారు. అప్పుడొక మనిషి చేతిలో పొగొచ్చే పుల్ల పట్టుకుని గోడల వెంబడి తిరుగుతాడు. ఎక్కడైనా సందుంటే పొగ వణుకుతుంది. సందు మూసేస్తారు. ఎక్కడా పొగ కదల్లేదంటే ఇల్లు పాసైనట్టు.

ఒక పాత ఇల్లు అలా పాసైన రోజున అందరూ చప్పట్లు కొట్టేరు. నేను అందరికంటే గట్టిగా కొట్టేను. ఇంత తెలివి మన ఊళ్ళో ఒక్కడికీ లేదే అని నా కళ్ళు చెమ్మగిల్లేయి. మాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు తెల్లగడ్డం పెద్దమనిషి. ఏ ఇల్లైనా కట్టేముందు ఆ ఊరి గాలినీ ఎండనీ అడిగి కట్టాలని మొదటి రోజే చెప్పేడు. ఆ ముక్క నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీసేను. గీత తిన్నగా వచ్చింది. బుర్రలోకే రాలేదు.

మార్చిలో అనకాపల్లి స్టేషన్లో మెడకి మఫ్లర్ చుట్టుకుని దిగేను. రిక్షావాడు నాకు ఒంట్లో బాలేదనుకుని సామాను తనే మోసేడు.

అప్పటికే స్థలం కొనుంది. కడితే అలాంటి ఇల్లే కట్టాలని పంతం పట్టేను. రెండు వరసల గోడ, మధ్యలో థర్మకోల్ పలకలు. దక్షిణం వైపు హాలు పొడుగునా పెద్ద అద్దం, తెరవడానికి వీల్లేకుండా బిగించెయ్యాలి. మిగతా కిటికీలు చిన్నవి, రబ్బరు పట్టీలతో. గాలి కావలసినప్పుడు లాగడానికి గోడలో రెండు ఫ్యాన్లు. మేస్త్రిని పిలిచి ప్లాను పరిచేను.

అతను ప్లాను వంక చూడలేదు. అతని పద్ధతి వేరు. గోడలు మోకాలెత్తు లేచేదాకా ఆగి, ఒక మధ్యాహ్నం పనివాళ్ళందర్నీ బయటికి పంపించేసేడు. చుట్ట వెలిగించేడు. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు నిప్పు నోట్లోకి తిప్పి కాల్చే అలవాటు అతనిది, అందుకని అతని చుట్ట పొగ నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆ రోజు మాత్రం చుట్ట తీసి గది మధ్యలో ఒక ఇటుక మీద పెట్టి, తను మూలకి పోయి గొంతుక్కూర్చుని పొగ వంకే చూసేడు. ఒక అరగంట. పొగ దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే దారిలో పోతోంది. ఏ ఇంటికైనా కిటికీ ఎక్కడ పెట్టాలో ఆ పొగనే అడుగుతాడట.

"సూసేరా బాబూ, గాలి ఇలా వచ్చి అలా పోతంది. దారికడ్డం అద్దం ఎట్టకండి" అన్నాడు.

మధ్యాహ్నం తిరిగేక సముద్రం వైపు నుంచి వచ్చే ఆ గాలే మా ఊరికి దిక్కు. అది నాకు తెలియకేం. పుట్టింది ఇక్కడే కదా. కానీ జర్మనీలో మూడు వారాలున్నవాడికి అనకాపల్లిలో యాభై ఏళ్ళున్న సంగతి గుర్తుండదు. నేను అతని ఎడమ చెవిలో అరగంట ఉపన్యాసం ఇచ్చేను. ఇల్లు థర్మాస్ ఫ్లాస్కు లాంటిదని చెప్పేను. ఫ్లాస్కులో మనుషులుండరు కదా బాబూ అని అతను అనలేదు. "అలా...గే బాబూ" అన్నాడు. ఒప్పుకున్నాడు కదా అని నేను సంబరపడ్డాను.

ఆ తరవాత పరీక్షల డ్యూటీలో నాలుగు రోజులు అటువైపు వెళ్ళలేదు. వచ్చి చూసేసరికి గోడలు స్లాబు దాకా లేచేయి, దక్షిణం వైపు అద్దానికి చోటు నేను గీసినట్టే వదిలేడు. థర్మకోల్ ఎక్కడా సందు లేకుండా పెట్టేవా అని అడిగేను. గోడని చెయ్యి తిరగేసి తాకి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేను బాబూ అన్నాడు. ఆ మాట ఎన్ని రకాలుగా చెప్పొచ్చో నాకు తట్టలేదు.

పని పూర్తయ్యేక పరీక్ష. పొగ పుల్లలు మన దగ్గర దొరకవు గనక అగరొత్తుల కట్ట కొన్నాను. ఫ్యాన్లు వేసి, తలుపులు బిగించి, గుప్పెడు అగరొత్తులు వెలిగించుకుని గోడ గోడకీ తిరిగేను. ఏ శాంతి చేయిస్తున్నారని పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి మా ఆవిడని అడిగింది. జర్మనీ శాంతి అంది మా ఆవిడ. మేస్త్రి గడప మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక్క చోట కూడా పొగ వణకలేదు. నిటారుగా లేచి స్లాబుని తాకి అక్కడే ఉండిపోయింది. నేను చప్పట్లు కొట్టేను. ఇంకెవరూ కొట్టలేదు.

మాఘమాసంలో గృహప్రవేశం. చలికాలం కదా, వచ్చినవాళ్ళందరూ లోపల ఎంత హాయిగా ఉందో అన్నారు. స్టాఫ్ రూములో ఆ వారమంతా నా టీ నేను కొనుక్కోలేదు.

మార్చి మొదట్లో పోపు వాసన ఇంట్లోంచి బయటికి పోవడం మానేసింది. సోమవారం వేయించిన ఎండు చేపలు గురువారం దాకా మాతోనే ఉన్నాయి. ఏప్రిల్ వచ్చేసరికి కరెంటు కోతలు మొదలయ్యేయి, మధ్యాహ్నాలు మూడేసి గంటలు. ఫ్యాన్లు ఆగిపోతే ఆ ఇంట్లో మనుషుల చెమట, వంట ఆవిరి, నా చదువు అన్నీ కలిసి ఉడికేవి. బయట చెట్ల ఆకులు ఊగుతున్నట్టు అద్దంలోంచి బాగా కనిపించేది. గాలి వస్తోందని చూడ్డమే తప్ప తగిలే యోగం లేదు.

నా వరకైతే పంతం కొద్దీ ఆ ఉడుకు భరించేవాణ్ణే. కానీ ఏప్రిల్ రెండో వారంలో మా అమ్మాయి మొదటి పురిటికి పుట్టింటికి వచ్చింది, ఏడో నెల నిండి. వచ్చిన పది రోజులకే ఒక మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ వంటింటి గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోయింది. మా ఆవిడ పట్టుకోబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను. డాక్టరమ్మ చూసి, బీపీ ఎక్కువగా ఉంది, ఇలాంటి ఉక్కలో ఉంచితే పెద్ద ప్రాణానికీ చిన్న ప్రాణానికీ మంచిది కాదు, గాలాడే చోట పడుకోబెట్టండి అంది. ఇల్లు ఎవరు కట్టించేరని అడగలేదు, బతికిపోయేను.

కబురు తెలిసి పాయకరావుపేట నుంచి వియ్యపురాలు వచ్చింది. హాల్లో పది నిముషాలు కూర్చుని, పమిటతో విసురుకుని, మా ఆవిడతో మర్యాదగానే చెప్పింది. తమది పెంకుటిల్లే గానీ గాలి ఆడుతుందని, ఆదివారం కారు తెచ్చి పిల్లని తీసుకుపోతామని. మొదటి పురుడు పుట్టింట్లో పొయ్యలేకపోతే ఆడదానికి ఎంత తలవంపో మా ఆవిడ మొహం చూస్తే తెలిసింది. మా అమ్మాయి తల్లి కొంగు పట్టుకుంది.

అద్దం పగలగొట్టేస్తే సరి కదా అంటారేమో. నేనూ అదే అన్నాను. మా ఆవిడ అడ్డం నిలబడింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గోడకి దెబ్బ తగలకూడదు, మేకు కూడా దిగడానికి వీల్లేదు అంది. ఈ మాట మా వైపు ఏ ఇంట్లోనైనా చెబుతారు. నేను హేతువాదిని. గ్రహణం రోజున స్టాఫ్ రూములో పనిగట్టుకుని అందరి ముందూ పకోడీలు తినేవాణ్ణి. సుత్తి తీసుకుని అద్దం దగ్గరకి వెళ్ళేను. ఎత్తేను. పక్క గదిలో మా అమ్మాయి దగ్గింది. సుత్తి కింద పెట్టేసేను. నాకు నమ్మకం లేదు, ఆ మాట నిజమే. భయం మాత్రం ఉంది.

మేస్త్రికి కబురు పెట్టింది మా ఆవిడే. శనివారం పొద్దున్నే వచ్చేడు. చేతిలో సుత్తి లేదు, ఉలి లేదు. ఒట్టి తాపీ. గుమ్మంలో చెప్పులిప్పి, ఆ రోజు గడప మీద ఆగకుండా తిన్నగా లోపలికి వచ్చి మా ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, దెబ్బ ఎయ్యను. ఇటిక పగలగొట్టను. మూతలు తీత్తాను, అంతే" అన్నాడు.

ఏ మూతలు అని నేనడిగేను. ఎడమ చెవి నావైపు ఉంది.

దక్షిణం గోడ దగ్గర, అద్దం కింద వంగి, చెయ్యి తిరగేసి జరుపుకుంటూ పోయి ఒక చోట ఆగేడు. తాపీ మొనతో సున్నం గీకేడు. వెనక సిమెంటు లేదు, పల్చటి ఇసక పూత. అది రాలిపోయింది. వేళ్ళు పెట్టి ఒక ఇటుక ఇవతలికి లాగేడు, గూట్లోంచి పెట్టె తీసినట్టు వచ్చేసింది. తరవాత ఇంకోటి. ఆ వెనక థర్మకోల్ లేదు. అవతలి వరస ఇటుకలు కూడా అలాగే ఒట్టి ఇసకలో పేర్చి ఉన్నాయి, వాటినీ లాగేడు. అప్పుడు బయటి గాలి నా కాళ్ళకి తగిలింది. ఆ ఇంట్లో నాకు తగిలిన మొదటి గాలి అది.

దక్షిణం గోడలో కింద నాలుగు కన్నాలు, ఉత్తరం గోడలో స్లాబు కింద నాలుగు. ఒక్క దెబ్బ లేదు. మా అమ్మాయి నిద్ర లేచొచ్చి హాల్లో మంచం మీద కూర్చుని చూస్తోంది. చివరి ఇటుక తీసేక నా అగరొత్తుల కట్టలోంచి ఒకటి వెలిగించి ఆమె చేతికిచ్చేడు. పొగ కింది కన్నం దగ్గర వంగి, గదంతా దాటి, ఉత్తరం వైపు పైకన్నంలోంచి వెళ్ళిపోయింది.

"ఇవి ఎప్పుడు పెట్టేవు?" అన్నాను. గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"మీరు పరీచ్చల డూటీకి ఎల్లినప్పుడు బాబూ. సెప్తే మీరు ఒప్పుకోరు. ఒప్పుకోనోలికి సెప్పి నోరు నొప్పెట్టుకోడం దేనికని."

నాకు మండిపోయింది. నిజం చెప్పాలి కదా. కూతురికి ఊపిరాడుతున్నందుకు చేతులెత్తి దణ్ణం పెట్టాల్సినవాణ్ణి, నా ఇంట్లో నాకు తెలీకుండా కన్నాలు పెడతావా అని అతని మీద మండిపడ్డాను. అతను విని, కన్నాలు పెట్టలేదు బాబూ, సిమెంటు పెట్టకుండా ఒగ్గేసేను అన్నాడు. తీసిన ఇటుకలు వరసగా పెరట్లో పేర్చి, మళ్ళీ వానలకి మూయాలి, పారెయ్యకండి అని మా ఆవిడకి చెప్పి వెళ్ళిపోయేడు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మా అమ్మాయి మూడు గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకుంది. నేను కుర్చీలో కూర్చుని ఎనిమిది కన్నాలూ లెక్కపెట్టుకుంటూ గడిపేను.

ఆదివారం కారు వచ్చింది. వియ్యపురాలు భోజనం చేసి హాల్లో చాప వేసుకుని నడుం వాల్చి, సాయంత్రం టీకి గానీ లేవలేదు. పిల్లని తీసుకుపోయే మాట ఎత్తలేదు. జూన్‌లో మనవరాలు పుట్టింది. పురిటి మంచం ఆ హాల్లోనే వేసేం.

ఇంతవరకూ చెప్పినదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. మా ఇంట్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎవరొచ్చినా ఈ కథ నేనే చెప్పి నవ్విస్తాను. దీని తరవాత ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ట్రైనింగుకి వెళ్ళొచ్చినవాళ్ళు తమ ఊళ్ళో ఏం చేసేరో రాసి పంపాలని షరతు ఉండేది. ఆ వానాకాలం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఫోటోలు జతచేసి, తెల్లగడ్డం ప్రొఫెసరుకి రాసేను. ఇంటిని బిగుతుగా కట్టేననీ, అయితే మా ఊరి ఎండని దృష్టిలో పెట్టుకుని తీసి పెట్టుకోగల ఇటుకలు గోడలో ముందే అమర్చేననీ రాసేను. నేను అమర్చేను. ఇంగ్లీషులో నేను అనడానికి ఒక్క అక్షరం చాలు. మేస్త్రి అని రాయాలంటే చాలా అక్షరాలు కావాలి, సెంటరువాడు గంటకి ఇంతని తీసుకుంటాడు. అదీ నా సంజాయిషీ.

పదిహేను రోజులకి జవాబొచ్చింది. ఇల్లు బిగించేవాళ్ళని చాలామందిని చూసేను గానీ, తన ఆలోచన తప్పైతే దిద్దుకోడానికి గోడలోనే చోటు వదిలిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానని రాసేడు. ఇంత వినయం ఉన్న ఇంజనీరు అరుదనీ, మీ ఇటుకల గురించి మా పిల్లలకి పాఠంలో చెబుతాననీ రాసేడు. నా వినయం గురించి రాసిన ఆ ఉత్తరాన్ని నేను ప్రింటు తీయించి, కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించి, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించేను. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పేరు. ఆ శాలువా కప్పుకుని ఫోటో కూడా దిగేను.

అక్టోబరులో తుఫాను వానలకి ముందు ఇటుకలు మూయడానికి మేస్త్రి వచ్చేడు. హాల్లో ఫ్రేము చూసి దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

"ఏటి బాబూ అది? ఎవరు రాసేరు?"

మా ఆవిడ వంటింట్లోంచి చూస్తోంది. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించి అన్నది కాదు.

"జర్మనీ దొర రాసేడు మేస్త్రీ. నీ గురించే" అన్నాను.

చదివి చెప్పమన్నాడు. చదివేను. మీరు అన్నచోటల్లా నువ్వు అని, ఇంజనీరు అన్నచోటల్లా మేస్త్రి అని మార్చి తెలుగులో చదివేను. ఆ వేళ కుడి చెవి నావైపు తిప్పి విన్నాడు. మళ్ళీ చదవమన్నాడు, మళ్ళీ చదివేను. గోడని తాకినట్టే చెయ్యి తిరగేసి ఆ ఫ్రేము అద్దాన్ని తాకేడు. ఒక జిరాక్సు ఇప్పించండి బాబూ, మా ఇంట్లో ఎట్టుకుంతాను అన్నాడు. ఎలా కాదనను? తీయించి ఇచ్చేను. ఆ రకంగా ఒకటే ఉత్తరం రెండు ఇళ్ళలో ఇద్దరు మనుషుల గురించి వేళ్ళాడింది. మా ఇంటికొచ్చిన చదువుకున్నవాళ్ళకి అది నా గురించి, అతని ఊరివాళ్ళకి అది అతని గురించి. నాలుగేళ్ళు ఇలాగే నడిచింది. ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ప్రతి మార్చిలోనూ ఇటుకలు తీయడానికి, ప్రతి అక్టోబరులోనూ మూయడానికి వచ్చేవాడు. మా హాల్లో ఆ ఫ్రేము కిందే నిలబడి పని చేసుకునేవాడు. మళ్ళీ దాని వంక చూడలేదు, దాని ఊసెత్తలేదు.

అతని పెద్దకార్యానికి నేనూ మా ఆవిడా వెళ్ళేం. మా ఊరికి నాలుగు మైళ్ళు, చెరుకు తోటల మధ్య ఊరు. కొడుకు అచ్యుతాపురం కంపెనీలో పని చేస్తాడు, గుండు చేయించుకుని ఉన్నాడు. గోడకి మేస్త్రి ఫోటో, దాని పక్కన ఆ ఉత్తరం, రెండిటికీ పూలదండలు. భోజనాలకి ముందు కొడుకు నా దగ్గరకొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. నాన్న గురించి దొర రాసింది ఒకపాలి అందరికీ సదివి ఇనిపించండి బాబూ అన్నాడు. చుట్టాలందరూ మాట్లాడ్డం ఆపేసి నావైపు తిరిగేరు.

ఫ్రేము చేతిలోకి తీసుకున్నాను. మొదటి పంక్తిలో నా పేరు, ఇంగ్లీషులో. దాన్ని దాటేసి చదివేను. ఆలోచన తప్పైతే దిద్దుకోడానికి గోడలో చోటు వదిలిన మనిషి అన్న దగ్గర ముసలివాళ్ళు తలలూపేరు. వినయం అన్నమాట దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. దుఃఖం అనుకున్నారు అందరూ. దుఃఖమే. సిగ్గు కూడా.

వచ్చేస్తుంటే మేస్త్రి మనవరాలు స్కూటరు దాకా సాగనంపడానికి వచ్చింది. ఆ ఉత్తరం వచ్చినప్పుడు హైస్కూల్లో ఉండేది, ఇప్పుడు విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. మా ఆవిడ ఇంకా లోపల ఆడవాళ్ళతో మాట్లాడుతోంది.

"తాతకి తెలుసండి" అంది ఆ పిల్ల.

నాకు వెంటనే అర్థమైంది. అయినా ఏంటమ్మా అని అడిగేను.

"ఆ కాయితం తెచ్చిన రోజే నా చేత చదివించుకున్నాడండి. పైన మీ పేరుందని చెప్పేను. రాసింది మీకే అని కూడా చెప్పేను."

"ఏమన్నాడు?"

"నవ్వేడండి. బాబు మన కాడ నిజం సెప్పేడు కదమ్మా, మిగతా సోట్ల సెప్పడానికి టైము పడతాది, తొందరెట్టకు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

నిష్ఠూరంగా అనలేదు ఆ పిల్ల. తాత చెప్పింది చెప్పినట్టు అప్పగించి, ఎండగా ఉంది, జాగ్రత్తగా వెళ్ళండి అని లోపలికి వెళ్ళిపోయింది. స్కూటరు తాళం చేతిలో పెట్టుకుని నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నాలుగేళ్ళు ఆ మనిషి మా హాల్లో నిలబడి నాకు టైము ఇచ్చేడు. ఇచ్చినట్టు కూడా తెలియనివ్వలేదు.

ఆ రాత్రే ప్రొఫెసరుకి ఉన్నదున్నట్టు రాసేను. జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా నాకు అడగడానికి మొహం లేదు. ఇంక మిగిలింది నా ఊరివాళ్ళు, నా దగ్గర చదువుకున్న పిల్లలు, నాకు శాలువా కప్పినవాళ్ళు. వాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. టైము పట్టింది మేస్త్రీ. మా ఇంటి దక్షిణం గోడలో కింద నాలుగు, ఉత్తరం గోడలో పైన నాలుగు, ఆ కన్నాలు నావి కావు.